వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్: కొనేముందు, పెట్టేముందు

రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో అంకెలో చూపే చిన్న పరికరం ఇది, తిరుపతిలో ఏ మందుల షాపులో అడిగినా దొరికే, రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో నడిచే రకం. కోవిడ్ రోజుల్లో కొన్నది బీరువాలో ఉంటే ముందు బ్యాటరీలు తీసి చూడండి, అవి కారి స్ప్రింగులు తుప్పు పట్టి ఉండొచ్చు.

కొత్తది కొంటే షాపులోనే వేలికి పెట్టి చూడాలి. అంకె ఒక్కటే చాలదు, నాడితో పాటు లేచి పడే గీత కనిపించాలి. పెన్ను పెట్టినా 98 చూపిస్తే అక్కడే వదిలేయండి.

గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉన్న వేలు వద్దు. ఎర్ర కాంతి, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేలి గుండా దాటితేనే లెక్క వస్తుంది, రంగు దానికి అడ్డం. చేతులు చల్లగా ఉంటే రుద్దుకుని, ఐదు నిమిషాలు కూర్చుని, వేలు లోపలిదాకా పెట్టి కదపకండి. మొదట వచ్చిన అంకె నమ్మొద్దు, నిలకడగా ఆగినదే రాసుకోండి. రెండు అంకెలు అటూ ఇటూ మామూలే. నల్లటి ఛాయ వాళ్లకు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు.

కూర్చున్నప్పుడే 94 కన్నా తగ్గితే వెంటనే డాక్టరుకు చూపించాలి. ఊపిరి అందకపోతే మాత్రం అంకె 97 ఉన్నా సరే, 108కి ఫోన్ చేయండి.