స్నేహితుడొస్తే చేపల భోజనం ఎక్కడ: బీచ్ రోడ్డులోనా, ఇంట్లోనా?

హైదరాబాద్ నుంచి విశాఖకి స్నేహితుడు వస్తున్నాడంటే నాకు ముందు వచ్చే ప్రశ్న ఇదే. బీచ్ రోడ్డులో సీఫుడ్ రెస్టారెంట్‌కి తీసుకెళ్లాలా, హార్బర్‌లో చేప కొని ఇంట్లో వండించాలా?

రెస్టారెంట్‌లో సుఖం ఉంది. ఎదురుగా సముద్రం, చల్లగా ఏసీ, పని ఏమీ లేకుండా తీరిగ్గా కబుర్లు. రొయ్యల వేపుడు, పీతల ఇగురు, చేపల పులుసు ఒక్కో ప్లేటు చెప్పి ఇద్దరూ పంచుకోవచ్చు. కాకపోతే చేప ఏ రోజుదో మనకు తెలీదు. అడగాలి. మొహమాటపడకుండా అడగండి, మంచి చోట చెప్తారు.

హార్బర్ సంగతి వేరు. తెల్లారేసరికే అక్కడ ఉండాలి. వంజరం చేపని ఇక్కడ కోనాం అంటారు. కన్ను తేటగా, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి. ముక్కలు అక్కడే కోయించుకోవచ్చు. ఆ తిరుగుడు, ఆ బేరం కూడా స్నేహితుడితో గడిపిన సమయమే కదా! పులుసు పొద్దున్నే పెట్టేస్తే మధ్యాహ్నానికి ముక్కకి పులుపు బాగా పడుతుంది. ఆ రుచి నాకు ఏ హోటల్లోనూ దొరకలేదు.

ఒక్కరోజే ఉంటాడంటే రెస్టారెంటే నయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం కాబట్టి అప్పుడూ అంతే, చెరువు రొయ్యలు చెప్పుకోండి. రెండు రోజులుంటే మాత్రం హార్బర్‌కే తీసుకెళ్తాను.