టొలెడో యూదువాడ గైడెడ్ టూర్: గైడ్‌కి అయిదు స్టార్లు, టైమ్‌టేబుల్‌కి రెండు

స్పెయిన్‌లోని టొలెడోలో ఎటు చూసినా "మూడు సంస్కృతుల నగరం" అన్న మాటే. ముస్లింలు, క్రైస్తవులు, యూదులు కలిసిమెలిసి బతికారట. నేను స్కూల్లో చరిత్ర చెప్తాను. అందుకే, ఆ ఒక్క ముక్క చెప్పి పంపించేస్తారేమో అన్న అనుమానంతోనే టికెట్ తీసుకున్నాను. మా గైడ్ అలా చేయలేదు.

ముందు నేలవైపు చూడమంది. వీధి రాళ్ల మధ్య బుల్లి నీలం, తెలుపు పలకలు, కొన్నింటి మీద ఏడు కొమ్మల దీపస్తంభం. పాత యూదువాడకి అవే గుర్తులు. అక్కడే నిలబడి స్పెయిన్‌లో ఒకప్పటి ముస్లిం పాలన సంగతి మొదలుపెట్టింది. ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను కట్టి, ఒక మెట్టు కింద ఉండటానికి ఒప్పుకుంటే యూదులకి ప్రాణం, ఆస్తి, మతం దక్కేవి. ఆ ఏర్పాటులోనే 10వ శతాబ్దంలో హస్దాయ్ ఇబ్న్ షప్రూత్ అనే యూదుడు కార్డోబా ఖలీఫాకి వైద్యుడయ్యాడు, రాయబారాలు నడిపాడు. 1066లో గ్రనడాలో మాత్రం గుంపు యూదు వజీరు జోసెఫ్‌ని చంపి, అక్కడి యూదుల మీద పడింది. తర్వాతి శతాబ్దంలో ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం పాలకులు అల్మొహాద్‌లు మతం మారమని ఒత్తిడి పెడితే, చాలామంది పారిపోయి వచ్చింది ఈ టొలెడోకే. అప్పటికి ఇది క్రైస్తవ రాజుల చేతిలో ఉంది. "ఇంతకీ ఎవరి పాలన మేలు?" అని మాలో ఒకాయన అడిగితే, "ఏ రాజు, ఏ సంవత్సరం?" అని ఎదురడిగింది. ఆ ఒక్క మాటకే టికెట్ డబ్బులు గిట్టాయి.

అసలు చూడాల్సింది ఎల్ ట్రాన్సితో. కాస్టీల్ రాజ్యాన్ని ఏలిన పెద్రో రాజు ఖజానా చూసుకున్న యూదుడు శామ్యూల్ హలేవి 1350ల్లో కట్టించిన సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం ఇది. గోడల మీద సున్నపు గచ్చులో హీబ్రూ అక్షరాలు బారులు తీరి ఉంటాయి. పక్కనే కాస్టీల్ రాజచిహ్నమైన కోట బొమ్మ, ఆకుల నగిషీలో కలిసిపోయిన అరబిక్ రాత. శాసనంలో రాజుని పొగిడారు. కొన్నేళ్లకే ఆ రాజే శామ్యూల్‌ని ఖైదు చేయించి, ఆస్తి లాక్కున్నాడు; ఆయన చిత్రహింసల్లో పోయాడు. యూదులకు రక్షణ రాజు అవసరాన్ని బట్టే ఉండేదని ఆ గోడ ముందు నిలబడితే తెలుస్తుంది. అలాంటి చోట మాకు ఇరవై నిమిషాలు కూడా ఇవ్వలేదు! తల ఎత్తి పైకప్పు చూసేలోపే పదండి పదండి అన్నారు.

గుర్రపు నాడా ఆకారంలో తెల్లటి ఆర్చీలున్న శాంతా మరియా లా బ్లాంకా అనే మరో పాత సినగాగ్ చూపించారు, బాగుంది. అప్పటికే ఆలస్యం కావడంతో 1391లో యూదుల మీద జరిగిన దాడుల్ని రెండు వాక్యాల్లో ముగించారు. ఇది నాకు నచ్చలేదు. సెవిల్లెలో ఫెర్రాన్ మార్టినెజ్ అనే చర్చి అధికారి ఏళ్ల తరబడి జనాన్ని యూదుల మీదికి రెచ్చగొట్టాడు. అప్పుడు రాజు పదకొండేళ్ల పిల్లాడు, ఆపేవాడు లేడు. దాడులు టొలెడో దాకా పాకాయి, వేలమంది ప్రాణభయంతో మతం మారారు. ఇది చెప్పకుండా 1492లో స్పెయిన్ నుంచి యూదుల బహిష్కరణకి దూకితే, వినేవాళ్లకి అది ఉన్నట్టుండి జరిగినట్టు అనిపిస్తుంది.

టూర్ తప్పకుండా తీసుకోండి. కాకపోతే సోమవారం వద్దు, ఎల్ ట్రాన్సితో మ్యూజియం మూసి ఉంటుంది. టూర్ అయ్యాక సొంతంగా అక్కడికి మళ్లీ వెళ్లి, పైనున్న ఆడవాళ్ల గ్యాలరీ కూడా తీరిగ్గా చూడండి.