గోడల్లేని స్పార్టా నుంచి మెస్సేనె కోటగోడల దాకా

ప్రాచీన గ్రీసులో యోధులకు పేరుపడ్డ స్పార్టా పేరు విని ఆశగా వెళ్ళినవారిలో చాలామంది నిరాశగానే తిరిగి వస్తారు. ఏథెన్స్‌లోని కిఫిసోస్ బస్టాండులో బస్సెక్కితే ట్రిపోలి మీదుగా మూడు గంటలకు కాస్త అటూ ఇటూగా చేరుకునే ఈ ఊరు, ఆధునిక గ్రీసు రాజు ఒట్టో ఆదేశంతో 1834లో కొత్తగా కట్టిన పట్టణం. వెడల్పాటి వీధులు, వాటి పక్కన నారింజ చెట్లు, ప్రధాన వీధి చివర ప్రాచీన స్పార్టా రాజు లియోనిదాస్ విగ్రహం, దాని వెనక ఆలివ్ చెట్ల మధ్య పాత నగరపు అక్రోపోలిస్ (ఎత్తు మీది కట్టడాల చోటు) ఉన్నాయి. అక్కడ కనిపించే పెద్ద రంగస్థలం రోమన్ల కాలానిది, చుట్టూ ఉన్న గోడ అంతకంటే తర్వాతిది. గ్రీసును శాసించిన నాటి స్పార్టాకు అసలు కోటగోడే లేదు. ఈ ఊరు పాడుబడితే దాని బలం ఎంతటిదో తర్వాతి తరాలు నమ్మలేవని గ్రీకు చరిత్రకారుడు థుకిడిడీస్ ఆనాడే రాశాడు. శిథిలాల వరకూ ఆయన చెప్పినట్టే జరిగింది. అందుకే ఈ భాగానికి ఒక పూట చాలు. మ్యూజియంలో శిరస్త్రాణం పెట్టుకున్న పాలరాతి యోధుడిని, ఊరి అంచున యూరోటాస్ నది ఒడ్డునున్న ఆర్టెమిస్ ఓర్థియా దేవత ఆలయాన్ని మాత్రం వదులుకోవద్దు.

బసకు నడిబొడ్డునున్న హోటల్ ఎంచుకుంటే నడక దూరంలోనే అన్నీ ఉంటాయి గానీ, వీధివైపు గది ఇస్తే కేఫుల సందడి, స్కూటర్ల మోత అర్ధరాత్రి దాకా తప్పవు. వెనకవైపు గది కావాలని ముందే అడగడం మంచిది. కొద్ది కిలోమీటర్ల దూరంలోని మిస్ట్రాస్ గ్రామంలో రాత్రులు ప్రశాంతంగా గడుస్తాయి. కొండమీది మధ్యయుగపు బైజాంటైన్ నగరం చూడాలనుకునేవారికి అదే అనుకూలం. పెద్దవాళ్ళు వెంట ఉంటే పై ద్వారం దగ్గర దిగి కిందికి నడవడం తేలిక.

అయితే స్పార్టా ఎలా ఎదిగిందో, ఎలా చితికిపోయిందో అర్థం కావాలంటే టైగెటోస్ పర్వతం దాటి పడమటికి వెళ్ళాలి. లంగాడా కనుమ గుండా కలమాటా వరకూ దాదాపు 60 కిలోమీటర్లు. రాతిని తొలిచి వేసిన రోడ్డు, మలుపు మీద మలుపు, కొన్నిచోట్ల ఎదురుగా బండి వస్తే ఆగి దారివ్వక తప్పదు. కడుపులో తిప్పే అలవాటున్నవారు తేలికగా తిని బయలుదేరడం మేలు. ఈ పర్వతానికి అవతలనున్న మెస్సేనియా సారవంతమైన మైదానాన్ని స్పార్టా గెలుచుకుని, అక్కడి ప్రజలను హెలట్లుగా, అంటే పొలాల్లో వెట్టిచాకిరీ చేసే బానిసలుగా మార్చి, వారి కష్టం మీదే తన పౌరులను పూర్తికాలపు సైనికులుగా నిలబెట్టింది. క్రీ.పూ. 479లో పర్షియన్లతో జరిగిన ప్లటేయా యుద్ధానికి 5,000 మంది స్పార్టా పౌరులు వస్తే, ఒక్కొక్కరి వెంట ఏడుగురు చొప్పున 35,000 మంది హెలట్లు వచ్చారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ లెక్క. ఆ నిష్పత్తే స్పార్టా బలం, దాని భయం కూడా అదే.

క్రీ.పూ. 404లో ఏథెన్స్‌ను లొంగదీసుకుని శిఖరానికి చేరిన ఈ రాజ్యం 33 ఏళ్ళకే లూక్ట్రా యుద్ధంలో కుప్పకూలింది. భూములు కొద్దిమంది చేతుల్లోకి పోవడంతో, ఉమ్మడి భోజనశాలకు తమ వంతు ధాన్యం ఇచ్చుకోలేని కుటుంబాలు పౌరసత్వమే కోల్పోయాయి. అలా తగ్గిపోయి లూక్ట్రాలో నిలబడిన స్పార్టా పౌరులు 700 మంది, వారిలో నేలకొరిగినవారు 400. గెలిచిన థీబ్స్ నగర సేనాని ఎపమినోండస్ స్పార్టా సొంత ప్రాంతమైన లకోనియాలోకే చొచ్చుకువచ్చి, మెస్సేనియాను విడిపించి, క్రీ.పూ. 369లో మెస్సేనె నగరాన్ని స్థాపించాడు. అంతకు దాదాపు వందేళ్ళ ముందు, క్రీ.పూ. 464 నాటి భూకంపం తర్వాత తిరగబడిన హెలట్లు ఏళ్ళ తరబడి స్పార్టా సేనను నిలువరించిన ఇథోమె కొండ పాదాన్నే ఈ నగరానికి చోటుగా ఎంచుకున్నారు.

ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. తొమ్మిది కిలోమీటర్ల కోటగోడలో ఉత్తరాన ఉన్న ఆర్కేడియా ద్వారం రెండు వాకిళ్ళ మధ్య గుండ్రటి ప్రాంగణంగా ఉంటుంది. సున్నం ఊసే లేకుండా పేర్చిన రాళ్ళ సందులో వేలిగోరు కూడా దూరదు. లోపలి వాకిలి దగ్గర కూలిన దూలపురాయి ఒకటి ఒరిగి పడి ఉంటుంది. దాని పక్క నుంచే నేటి తారురోడ్డు వెళుతుంది, కార్లు వేగం తగ్గించి ద్వారంలోంచే సాగిపోతాయి. కింద లోయలో స్టేడియం, వైద్యదేవుడు అస్క్లేపియస్ ఆలయ ప్రాంగణం, రంగస్థలం ఉన్నాయి. తొందరపడకుండా చూడాలంటే ఒక పూట సరిపోదు. నీడ తక్కువ కనుక వేసవిలో పొద్దున్నే వెళ్ళడం మంచిది.

శిథిలాలను ఆనుకుని పైనున్న మావ్రోమాటి గ్రామంలో అద్దె గదులు కొన్నే ఉన్నాయి. మేము దిగిన ఇంట్లో వేడినీళ్ళు నిలకడగా రాకపోయినా, అరుగు మీద కూర్చుంటే స్టేడియం మొత్తం కనిపించేది. శాకాహారులకు టవర్నాలో (ఊరి భోజనశాలలో) టమాటా ముద్దలో ఉడికించిన పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, ఆలివ్ నూనె వేసిన ఆకుకూర దొరుకుతాయి. కారం కావాలంటే పచ్చడి సీసా వెంట ఉండాల్సిందే.

మన లైసెన్సుతో కారు అద్దెకు తీసుకోవాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇండియా నుంచే తీసుకెళ్ళాలి. ఆటోమేటిక్ గేర్ల కారు కావాలంటే ముందుగానే చెప్పి ఉంచాలి. కారు నడపలేనివారు లంగాడా కనుమను వదిలేసి, ఏథెన్స్ నుంచి నేరుగా కలమాటా బస్సెక్కి, అక్కడ మెస్సేనెకు రానూపోనూ టాక్సీ మాట్లాడుకోవడం మేలు, ఎందుకంటే తిరుగు ప్రయాణానికి మావ్రోమాటిలో బండి దొరుకుతుందన్న నమ్మకం లేదు.