పగ పట్టే మంచు, మర్చిపోయే మంచు: స్కీ టూరింగ్‌కి కొలరాడోనా, వాషింగ్టనా?

మొన్న మార్చిలో ఆఫీసువాళ్ళు డెన్వర్ టీమ్‌కి తిరిగి వెళ్తావా అని అడిగారు. జీతం అంతే, ఇల్లు సియాటిల్ కంటే చవక, పాత స్నేహితుల్లో సగం మంది ఇంకా అక్కడే ఉన్నారు. రెండు రోజులు ఆలోచించి వద్దన్నాను. ఎందుకని అడిగితే పిల్లల స్కూలు అని చెప్పాను. అసలు కారణం మంచు అని మా ఆవిడకి తెలుసు, పాపం ఎవరితోనూ అనలేదు.

ఇదే ప్రశ్న నన్ను ఏడాదికి ఓ పదిమంది అడుగుతుంటారు. "అన్నా, లిఫ్టుల దగ్గర నాలుగేళ్ళు స్కీయింగ్ చేశాం. ఇప్పుడు లిఫ్టు లేకుండా, స్కీల అడుగున వెనక్కి జారకుండా పట్టే స్కిన్స్ వేసుకుని కొండెక్కి దిగే టూరింగ్ చేయాలని ఉంది. డెన్వర్ వైపు మొదలుపెట్టాలా, సియాటిల్ వైపా?" నేను డెన్వర్‌లో ఆరేళ్ళున్నాను, సియాటిల్ పక్కన బెల్వ్యూ వచ్చి నాలుగేళ్ళు. రెండు చోట్లా తడిశాను, రెండు చోట్లా భయపడ్డాను. మంచులో కూరుకుపోయినవాళ్ళని వెతికి తీసే బీకన్, ప్రోబ్, పార మీ సంచిలో ఉన్నాయనీ, అవలాంచ్ (కొండ మీది మంచు ఒక్కసారిగా విరిగి జారడం) గురించి కోర్సు ఒకటైనా చేశారనీ అనుకుని రాస్తున్నాను. చేయకపోతే ఇది పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తాను. దూరం దాదాపు సమానమే. డెన్వర్ నుంచి బెర్తూడ్ పాస్ (కనుమ) కైనా, సియాటిల్ నుంచి స్నొక్వాల్మీ పాస్‌కైనా ట్రాఫిక్ లేకపోతే గంట, గంటంబావు. శనివారం పొద్దున డెన్వర్ నుంచి కొండల్లోకి వెళ్ళే ఐ-70 హైవే మీద ట్రాఫిక్ లేకపోవడం అంటూ ఉండదు, అది వేరే కథ. ఎత్తు మాత్రం తేడానే. బెర్తూడ్ పాస్ 11,307 అడుగులు, స్నొక్వాల్మీ 3,022 అడుగులు. డాలస్ నుంచి శుక్రవారం రాత్రి విమానం దిగి శనివారం బెర్తూడ్ ఎక్కిన మా తోడల్లుడికి తలనొప్పి తప్ప ఇంకేమీ గుర్తులేదు. పార్కింగ్‌కి వాషింగ్టన్‌లో చాలాచోట్ల స్నో-పార్క్ పర్మిట్ కొనాలి, అదేమంత ఖర్చు కాదు.

ఇక మంచు. మన భాషలో దీనికి ఒక్కటే మాట. లంబసింగిని తెల్లవారుజామున కమ్మేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. అందుకేనేమో అందరూ "ఎక్కడ ఎక్కువ పడుతుంది?" అని అడుగుతారు గానీ "ఎలాంటిది పడుతుంది?" అని అడగరు. ఎక్కువే కావాలంటే మాట్లాడుకోవడానికేమీ లేదు, వాషింగ్టనే. 1998-99 సీజన్లో ఇక్కడి మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1,140 అంగుళాలు పడింది. అంటే 95 అడుగులు. ప్రపంచ రికార్డు అది. కొలరాడోలో అందులో మూడో వంతు పడితే మంచి సంవత్సరం అంటారు.

మెత్తదనం కావాలంటే కొలరాడో. అక్కడ 10 అంగుళాల కొత్త మంచు కరిగిస్తే ముప్పావు అంగుళం నీళ్ళొస్తాయి. ఇక్కడ అంగుళం దాటుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇక్కడి కాస్కేడ్స్ కొండల మంచుకి కాస్కేడ్ కాంక్రీట్ అని ఊరికే పేరు పెట్టలేదు.

నాకు అసలు లెక్క ఈ రెండూ కాదు. పడిన మంచు ఎన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటుందన్నది.

కొలరాడోలో అక్టోబరులోనే మొదటి మంచు పడుతుంది. ఉత్తరం వైపు తిరిగిన వాలుల మీద ఎండ పడదు కాబట్టి అది కరగదు. అడుగో, అడుగున్నరో అలా ఉండిపోతుంది. తర్వాత రెండు మూడు వారాలు చుక్క మబ్బుండదు. నేలను ఆనుకున్న మంచు సున్నా డిగ్రీల దగ్గర ఉంటే, పైపొర రాత్రిళ్ళు మైనస్ 20కి పోతుంది. ఆ కాస్త మందంలో అంత తేడా ఉండేసరికి కింది నుంచి ఆవిరి పైకి పాకుతూ దారిలో ఉన్న పలుకుల మీద పేరుకుంటుంది. మెత్తటి మంచు కాస్తా కోణాలు తేలిన గరుకు పలుకులైపోతుంది. పది సెంటీమీటర్లకి ఒక డిగ్రీ తేడా దాటితే చాలు, ఈ పని మొదలవుతుంది. దీన్ని డెప్త్ హోర్ అంటారు, అక్కడివాళ్ళ మాటల్లో పంచదార. గుప్పిట్లోకి తీసుకుని నొక్కితే ఉండ కట్టదు. పాకం చాలని రవ్వలడ్డులా వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. డిసెంబరులో పెద్ద తుఫాను వచ్చి దాని మీద మూడడుగులు కుమ్మరిస్తుంది. పైన గట్టి పలక, కింద రవ్వ.

ఆ రవ్వ జనవరిలోనూ ఉంటుంది. ఫిబ్రవరిలోనూ ఉంటుంది. కొన్నేళ్ళు ఏప్రిల్ దాకా ఉంటుంది. కొలరాడో మంచుది పాము పగ అని నేను ఊరికే అనడం లేదు. ఒక జనవరిలో బెర్తూడ్ దగ్గర నలుగురం వెళ్తున్నాం. తుఫాను ఆగి తొమ్మిది రోజులైంది, ఎండ బాగా కాస్తోంది, అంతకుముందు వాళ్ళు వెళ్ళిన జాడలు కూడా ఉన్నాయి. మేమున్న వాలు 25 డిగ్రీలు, అంటే దాదాపు చదును కింద లెక్క. ముందున్నవాడు ఒక్క అడుగు వేశాడు. కాళ్ళ కింద "వుంఫ్" అని, ఎవరో పెద్ద పరుపు మీద కూలబడినట్టు చప్పుడైంది. మంచులో సన్నటి పగులు ఒకటి మా పక్క నుంచి ఇరవై గజాలు పాకింది. వాలు ఇంకో పది డిగ్రీలు ఎక్కువుంటే ఈ వ్యాసం ఇంకెవరో రాసేవాళ్ళు. అందరం ఒక్కమాటైనా అనుకోకుండా స్కీలు వెనక్కి తిప్పాం.

2020-21 చలికాలం ఈ పగకి బాగా తెలిసిన ఉదాహరణ. మంచు ముందుగా పడి, తర్వాత వారాల తరబడి పొడిగా ఉండి, అడుగు పొర పుచ్చిపోయింది. కోవిడ్ పుణ్యమా అని కొత్తగా టూరింగ్‌కి వచ్చినవాళ్ళు కూడా చాలామందే. ఆ ఒక్క సీజన్లో దేశం మొత్తం మీద అవలాంచ్‌లలో 37 మంది పోయారు. అందులో 12 మంది కొలరాడోలోనే.

కాస్కేడ్స్‌లో కథ వేరు. డిసెంబరు దాటేసరికే ఎత్తైన చోట్ల ఏడెనిమిది అడుగుల మందం ఉంటుంది, గాలి మైనస్ ఐదు దగ్గర తచ్చాడుతుంటుంది. అంత మందంలో ఆ కాస్త తేడా ఏ మూలకీ చాలదు. పలుకులు గుండ్రబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇక్కడి మంచుకి కోపం రాదని కాదు, చాలా వస్తుంది. రాత్రికి రాత్రి రెండడుగులు పడిన పొద్దున పైకి వెళ్తే మీ ఖర్మ. వాన మొదలైన మొదటి గంటల్లో అయితే కొండ కొండంతా జారుతుంది. కానీ ఆ కోపం ఒకటి రెండు రోజుల్లో చాలావరకు చల్లారిపోతుంది. సోమవారం తుఫాను ఆగితే శనివారానికి నేను మామూలుగా నిశ్చింతగా వెళ్తాను. ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో మాత్రమే కొండెక్కే మనలాంటివాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

అవలాంచ్ బులెటిన్ చదివేవాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రమాదాన్ని ఐదు మెట్లుగానే చెప్తారు, మూడో మెట్టు రెండుచోట్లా అదే నారింజ రంగు. వాషింగ్టన్‌లో మూడు అంటే చాలాసార్లు నిన్నటి తుఫాను గురించి. కళ్ళకి కనిపిస్తుంది, కాలికి తెలుస్తుంది, రేపటికి రెండు అవుతుంది. కొలరాడోలో మూడు అంటే నవంబరు గురించి. పైన ఏ గుర్తూ ఉండదు, గొయ్యి తవ్వి పరీక్ష చేస్తే ఒకచోట గట్టిగానే ఉంటుంది, పది గజాల అవతల ఉండదు. ఒకే అంకె, అర్థాలు రెండు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఇక్కడికి వస్తే మరీ జాగ్రత్తగా ఉంటారు, దానివల్ల నష్టం లేదు. ఇక్కడ నేర్చుకుని అక్కడికి వెళ్ళేవాళ్ళ గురించే నాకు టెన్షన్.

ఇందాకటి నుంచి వాషింగ్టన్‌ని వెనకేసుకొస్తున్నానని మీకు అర్థమైపోయుంటుంది. కాబట్టి అవతలి వైపు కూడా చెప్పాలి. 2012 ఫిబ్రవరిలో స్టీవెన్స్ పాస్ వెనక టనల్ క్రీక్‌లో ముగ్గురు పోయారు, అందరూ ఆరితేరినవాళ్ళే. అక్కడ జారింది కొత్త మంచు కింద కప్పబడిపోయిన సర్ఫేస్ హోర్ (చలి రాత్రుల్లో మంచు పైన తేమ గడ్డకట్టి ఏర్పడే పెళుసు పలుకులు) పొర మీద. అంటే ఇక్కడి మంచు కూడా అప్పుడప్పుడు గుర్తుపెట్టుకుంటుంది. చెట్ల మొదళ్ళ చుట్టూ ఏర్పడే గోతులు మరో గండం. లోతైన మంచులో తలకిందులుగా పడితే బయటికి రావడం ఒంటరిగా కుదరదు. పైగా కొలరాడో మంచు తేలిక కాబట్టి 25 డిగ్రీల వాలు మీద కూడా హాయిగా జారొచ్చు. చలికాలమంతా ప్రమాదం తక్కువుండే 30 డిగ్రీల లోపు వాలుల మీదే ఉన్నా బోరు కొట్టదు. ఇక్కడ అదే వాలు మీద కొత్త మంచులో స్కీలు కదలవు, బురదలో ఎడ్లబండిలా దిగబడతాయి.

వాన సంగతి అసలు దాచకూడదు. జనవరిలో స్నొక్వాల్మీ దగ్గర గొడుగు వేసుకుని స్కిన్నింగ్ చేసినవాణ్ణి నేను. తడిసిన స్కిన్స్ పైకెళ్ళాక చలికి బిగుసుకుంటాయి, అడుగున మంచు ముద్దలు ముద్దలుగా పట్టేస్తుంది, ఒక్కో కాలు ఐదు కిలోలవుతుంది. కొలరాడోలో ఆరేళ్ళలో చలికాలం మధ్యలో ఒక్కసారి కూడా తడవలేదు.

ఇదంతా ఇప్పటి మాట. మరో పదిహేనేళ్ళ లెక్క వేసుకుంటే నా వాదన బలహీనపడుతుంది, ఒప్పుకుంటాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే వానా మంచూ విడిపోయే గీత దాదాపు 500 అడుగులు పైకి జరుగుతుంది. పదకొండు వేల అడుగుల మీద, మైనస్ పదిలో ఉన్న బెర్తూడ్‌కి జనవరిలో ఆ ఒక్క డిగ్రీ పట్టదు. మూడు వేల అడుగుల మీద సున్నా దగ్గర ఊగిసలాడే స్నొక్వాల్మీకి అదే ప్రాణం. 2014-15 చలికాలంలో ఏం జరిగిందో ఇక్కడ అందరికీ గుర్తే. నీళ్ళు మామూలుగానే పడ్డాయి, కాకపోతే మంచుగా కాదు, వానగా. మే నెలకి గవర్నర్ రాష్ట్రమంతటా కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వాన కురిసిన ఏడాది కరువు! హవాయి వైపు నుంచి వెచ్చటి తేమ మోసుకొచ్చే పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ ఒక్కటి వచ్చిందంటే వారంలో పడిన మంచంతా ఒక్కరోజులో ముద్దవుతుంది.

అలాగని కొలరాడో తప్పించుకుంటుందనుకోకండి. అక్కడ మంచు వానగా మారదు, పలచబడుతుంది. కొంచెం కొంచెంగా పడిన సంవత్సరమే పంచదార ఎక్కువ తయారవుతుంది. మంచు తగ్గితే ప్రమాదం కూడా తగ్గుతుందనుకునేవాళ్ళకి ఈ ముక్క చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. దానికి తోడు వసంతంలో పడమటి ఎడారుల నుంచి ఎర్రదుమ్ము వచ్చి శాన్ హ్వాన్ కొండల మంచు మీద పరుచుకుంటుంది. నల్లబడిన మంచు ఎండని పీల్చుకుని ముందే కరిగిపోతుంది. గట్టిపడిన మంచు మీద నిర్భయంగా ఏటవాలు దిగగలిగే ఏప్రిల్, మే నెలల్లోంచి కొన్ని రోజులు అలా పోతున్నాయి.

వాషింగ్టన్‌కి ఇంకో దారుంది: పైకెక్కడం. పాస్‌ల దగ్గర వాన పడే రోజుల్లో మౌంట్ రెయినియర్ కొండ మీద పారడైజ్‌లో, 5,400 అడుగుల దగ్గర, మంచు పడుతుంటుంది. అక్కడి నుంచి 10,080 అడుగుల క్యాంప్ మ్యూర్ దాకా ఉన్న మంచు మైదానం మీద జూలైలో కూడా జారాను. సెయింట్ హెలెన్స్, ఆడమ్స్ కొండల మీద మేలో, జూన్లో. మబ్బు కమ్మితే మ్యూర్ మీద దారి తప్పడం నిమిషం పని, జీపీఎస్ లేకుండా వెళ్ళొద్దు. అయినా ఏడాదికి ఎనిమిది నెలల టూరింగ్ నాకు డెన్వర్‌లో ఎప్పుడూ దొరకలేదు.

యూటా కూడా అడుగుతారు. మంచు రెండింటికీ మధ్యరకం, రుచి అద్భుతం, జనం తిరనాళ్ళు. కాలిఫోర్నియా వైపు టాహో మన వాషింగ్టన్ లాంటిదే, ఎండ ఎక్కువ. సంక్రాంతికి ఇండియా వెళ్ళినప్పుడు గుల్మార్గ్ వెళ్ళొచ్చా అంటే, గైడుతో అయితే వెళ్ళండి, గొండోలా పదమూడు వేల అడుగుల దాకా తీసుకెళ్తుంది. కానీ 2024 జనవరిలో నెలాఖరు దాకా అక్కడ గడ్డే కనిపించింది, టికెట్లు కొనేముందు అది గుర్తుంచుకోండి.

కొలరాడోలోనే ఉండేవాళ్ళకి ఉన్న ఊరు మారమని చెప్పను. మార్చి నెలాఖరు దాకా 30 డిగ్రీల లోపు వాలుల్లో, పైన కూడా ఏటవాలు లేని చోట తిరగండి. వాలు కొలిచే యాప్ ఫోన్లో పెట్టుకోండి. చాలా స్కీ రిసార్టులు స్కిన్స్‌తో ఎక్కనిస్తాయి, మొదటి సీజన్‌కి అది మంచిది. లిఫ్టులు లేకుండా, అవలాంచ్ భయం లేని వాలులతో నేర్చుకునేవాళ్ళ కోసమే నడిచిన బ్లూబర్డ్ బ్యాక్‌కంట్రీ ఉంటే అదే చెప్పేవాణ్ణి, 2023లో మూసేశారు.

నా మాట వినకుండా డెన్వర్‌లో ఉద్యోగం తీసుకున్న తమ్ముడొకడు పోయిన అక్టోబరులో బెర్తూడ్ నుంచి ఫోటో పంపాడు. ఉత్తరపు వాలంతా తెల్లగా, అర్ధడుగు మంచు. "అన్నా, ఈసారి ముందే పడింది!" అని కింద నాలుగు గుండెలు. నేను వాడికి ఒక్క లైను రాశాను: "అది కరిగిపోతే బాగుండురా."