ఒకే వైద్యమా, అన్ని వైద్యాలా: గోదావరి డెల్టాలోని ఆసుపత్రుల పోలిక

కంటికో, ఎముకలకో పరిమితమైన ఆసుపత్రినీ, కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి వలె అనేక విభాగాలున్న ఆసుపత్రినీ ఒకే కొలతతో తూచడం సరికాదు.

ఒకే పనిని రోజూ చేసే చోట చేయి తిరుగుతుంది, పరికరాలు ఖాళీగా ఉండవు, ఒక్కో చికిత్సకు అయ్యే ఖర్చు తగ్గుతుంది. 1976లో మదురైలో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి ఇందుకు నిదర్శనం. అక్కడ వైద్యుడు ఒక శస్త్రచికిత్స ముగించేసరికి పక్క బల్లపై తరువాతి రోగిని సిబ్బంది సిద్ధం చేసి ఉంచుతారు. అయితే ప్రత్యేక ఆసుపత్రుల ఫలితాలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. ఇతర జబ్బులు తీవ్రంగా ఉన్నవారిని తరచుగా పెద్దాసుపత్రికి పంపివేస్తారు కనుక, మిగిలినవారి ఫలితాలు సహజంగానే మెరుగ్గా కనిపిస్తాయి.

కోనసీమలో వరి కోతల వేళ రక్తపింజరి కాటుకు గురైన కూలీని తలచుకోండి. అతనికి విషానికి విరుగుడు మందు, మాటిమాటికీ రక్త పరీక్షలు, మూత్రపిండాలు దెబ్బతింటే డయాలసిస్ కావాలి. కాటు వేసింది కట్లపామైతే ఊపిరి ఆగకుండా చూసేందుకు వెంటిలేటర్ అవసరపడవచ్చు. గోదావరి పాయలు దాటి రావలసిన లంక గ్రామాలవారికి ఇవన్నీ ఒకే కప్పు కింద దొరకాలి, ఎందుకంటే మరో ఆసుపత్రికి తరలించే వ్యవధి వారికి ఉండదు. అలా సదా సిద్ధంగా ఉండటానికి అయ్యే ఖర్చు రోగులు రాని రాత్రి కూడా ఆగదు. దాన్ని అసమర్థతగా లెక్కగట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

కంటి శుక్లాలకైతే నేను ప్రత్యేక ఆసుపత్రినే ఎంచుకుంటాను. గుండె జబ్బున్న వృద్ధురాలికి మోకీలు మార్చవలసి వస్తే మాత్రం, ఎముకల విభాగంతోపాటు గుండె వైద్యుడూ అందుబాటులో ఉన్న పెద్దాసుపత్రే మేలు.