కొత్త బ్రేక్ ప్యాడ్లు, కీచు శబ్దం: రెండు వానాకాలాల తర్వాత

నాది చిన్న హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ముందు ప్యాడ్లు అరిగిపోతే విజయవాడ ఆటోనగర్‌లో కంపెనీవి కాకుండా బయటి బ్రాండు సెమీ మెటాలిక్ (లోహపు పొడి, పీచు కలిపి చేసిన) ప్యాడ్లు వేయించాను. అప్పట్నుంచి రెండు వానాకాలాలు గడిచాయి. ప్యాడ్లు మంచివే. బిగించిన తీరే బాగాలేదు.

పట్టుకు వంక పెట్టలేను. తిరుమల ఘాట్‌లో నిండా మనుషులతో, సామానుతో సెకండ్ గేరులో దిగినా పెడల్ మెత్తబడలేదు. నల్లపొడి మాత్రం ఎక్కువ. చక్రాలు కడిగిన మూడోరోజుకే మళ్లీ మసి.

గోలంతా శబ్దంతోనే. సిగ్నల్ దగ్గర నెమ్మదవుతూ పెడల్ మీద కాలు అలా ఆనిస్తే చాలు, కీచుమని అరుపు. గట్టిగా తొక్కితే చప్పుడే లేదు. బెంజ్ సర్కిల్‌లో పక్క ఆటోవాళ్లు తల తిప్పి చూసేవారు. బిగించిన మెకానిక్‌ని అడిగితే "కొత్తవి కదండీ, సెట్టవ్వాలి. ఓ వారం తిప్పండి సార్" అన్నాడు. నెల తిప్పినా అంతే. ఇంకో షాపులో డిస్కులు స్కిమ్మింగ్ (పైపొర చెక్కి నునుపు చేయడం) కొట్టించమన్నారు, లేదంటే ప్యాడ్లే మార్చేయమన్నారు.

డబ్బు తీసేముందు ఆ శబ్దం ఎప్పుడొస్తోందో గమనించండి. పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకే వచ్చి పోతుంటే అది రాత్రి తేమకి డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు, పట్టించుకోనక్కర్లేదు. కాలు పెట్టకుండానే గీరుతుంటే డిస్కు వెనక రేకు వంగి తగులుతుండొచ్చు, సందులో రాయి ఇరుక్కుని ఉండొచ్చు. ఇనుము మీద ఇనుము రాసుకున్నట్టు గర్రుమంటే మాత్రం బండి ఆపేయాల్సిందే. మెల్లగా తొక్కినప్పుడు మాత్రమే వచ్చే సన్నటి కీచు వేరే జాతి. ప్యాడు డిస్కు మీద పట్టుతూ, జారుతూ అదురుతుంది. ఆ అదురే డిస్కులోంచి గట్టిగా వినిపిస్తుంది. దాన్ని అణచడానికే ప్యాడు వెనక షిమ్ము అనే పల్చటి రేకు, చివర్ల క్లిప్పులు, గ్రీజు ఉండేది.

మా బావమరిదికి గన్నవరంలో చిన్న షెడ్డు ఉంది. అక్కడ చక్రాలు విప్పించాను. ప్యాడ్లను డిస్కుకి నొక్కే క్యాలిపర్ అటూఇటూ జరిగేది పిన్నుల మీదే. ఎడమవైపు పిన్నులు వేలితో లాగితేనే వచ్చేశాయి. కుడివైపు కింది పిన్ను కదల్లేదు. ప్లయరుతో తిప్పి తిప్పి లాగితే ఎర్రటి తుప్పుతో బయటికొచ్చింది. ఆ వైపు లోపలి ప్యాడు ఒక పక్కకే అరిగింది. క్లిప్పులు పాతవే, వాటి కింద తుప్పు పెచ్చులు కట్టింది. "బావా, షిమ్ములేవీ?" అన్నాడు. డిక్కీలో పడున్న ప్యాడ్ల డబ్బా తీసి చూస్తే, షిమ్ములు ప్లాస్టిక్ కవర్లో విప్పకుండా అలాగే ఉన్నాయి!

పిన్ను శుభ్రం చేసి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టాడు. మామూలు గ్రీజు పెడితే లోపలి రబ్బరు ఉబ్బిపోతుంది. ప్యాడ్లు కూర్చునే బ్రాకెట్ని వైర్ బ్రష్‌తో రుద్ది, కొత్త క్లిప్పులు, షిమ్ములు వేశాడు. ప్యాడు వెనకవైపు, బ్రాకెట్లో కూర్చునే చివరి చెవులకి పల్చగా గ్రీజు రాశాడు. ఇది డిస్కును తాకే ముఖానికి అంటితే ప్యాడు పాడైనట్టే. ప్యాడు పైమెరుపు పోయేలా ఎమిరీ పేపర్ మీద రుద్దాడు. డిస్కు మందం కొలిస్తే, దానిమీద అచ్చేసి ఉండే కనీస మందంకన్నా బాగా ఎక్కువే ఉంది. అంచుల్లో లోతు గీతలూ లేవు. స్కిమ్మింగ్ ఊసే ఎత్తలేదు. ప్యాడును నొక్కే పిస్టన్‌ని క్యాలిపర్‌లోకి వెనక్కి నెట్టారు కాబట్టి బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఇది మరిచిపోతే మొదటి బ్రేకు పడదు.

తర్వాత తెల్లవారుజామున ఖాళీ హైవే మీద అరవై నుంచి పదిహేనుకి తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ ఓ పదిసార్లు బ్రేకు వేశాను. ప్యాడు పదార్థం డిస్కుకి సమంగా అంటుకోవాలంటే ఇది చేయాలి. బిగించినవాళ్లు చెప్పరు.

ఆ తర్వాత కీచు లేదు, ముసురు పట్టిన ఉదయాల్లో ఒకటి రెండు బ్రేకులకు తప్ప. పిన్నులు మాత్రం వానాకాలం దాటగానే ఒకసారి విప్పి చూపిస్తున్నాను. మళ్లీ కొనాల్సివస్తే ఇవే కొంటాను, డబ్బాలో క్లిప్పులు కూడా ఉన్నాయో లేదో చూసుకుని. చక్రాలు తళతళలాడాలనుకునేవాళ్లు సిరామిక్ ప్యాడ్లు చూసుకోండి. పొడి తక్కువ, ధర ఎక్కువ.