పాత కార్వెట్‌కి షిఫ్ట్ కిట్ వేయించా, పని బావుంది కానీ...

నాది 1989 కార్వెట్, షెవర్లే స్పోర్ట్స్ కారు, 700ఆర్4 అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 5.7 లీటర్ల ఇంజిన్, లాగడానికి బానే లాగుద్ది, కానీ ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారేటప్పుడు ఏదో ఆలోచించుకుని మారినట్టు ఉండేది, మజా అంతా అక్కడే పోయేది. డాలస్‌లో ఇంటి దగ్గర షాప్‌లో షిఫ్ట్ కిట్, అంటే గేర్లు గట్టిగా, చప్పున మారేలా చేసే విడిభాగాల సెట్, వేయించా. గేర్‌బాక్స్ దించక్కర్లేదు, కింద ఆయిల్ పాన్ విప్పి, గేర్లు మార్చే ఆయిల్‌ని నడిపించే వాల్వ్ బాడీలో స్ప్రింగులు మార్చి, ప్లేట్‌లో రంధ్రాలు కొంచెం పెద్దవి చేస్తారు అంతే. హార్స్‌పవర్ పెరగదండోయ్, గేర్ మారేటప్పుడు జారుడు తగ్గుద్ది.

ఇప్పుడు ఫుల్ థ్రాటిల్‌లో సెకండ్ పడితే వెనక నుంచి ఎవరో తన్నినట్టే, మా ఆవిడ కాఫీ ఒలికింది కూడా.

కోపం వచ్చిందెక్కడంటే, టీవీ కేబుల్ (థ్రాటిల్ వాల్వ్ కేబుల్, థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లేది) సెట్ చేయకుండానే బండి ఇచ్చేశారు! ఈ బాక్స్‌లో ఆయిల్ ప్రెషర్ మొత్తం దాని మీదే, వదులుగా ఉంటే క్లచ్‌లు కాలిపోతాయి. ఇంటికొచ్చి నేనే కేబుల్ మీదున్న బటన్ నొక్కి స్లైడర్ వెనక్కి తోసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచా, టకటకమని తనంతట తనే సెట్ అయింది. రెండు నిమిషాల పని బాబూ ఇది.

కిట్‌కి ఐదు స్టార్లు, షాప్‌కి రెండే. స్టాల్ కన్వర్టర్ (ఇంజిన్ ఇంకాస్త ఎక్కువ తిరిగాక బండిని గట్టిగా లాగే టార్క్ కన్వర్టర్) మాత్రం వేరే చోటే వేయిస్తా, ముందు గేర్‌బాక్స్ ఆయిల్‌కి కూలర్ పెట్టించాకే.